సబ్బాతు అపరాహ్ణము

క్రీస్తు శకము 66–67 ప్రాంతమున, యూదులు రోము ప్రభుత్వముపై తిరుగుబాటు చేసిన దినములలో, గలిలయ సరస్సు తీరమునందలి తిబెరియ నగరమున ఒక శనివారము నాడు పెద్ద సభ జరిగెను. ప్రార్థనామందిరమంతయు జనముతో నిండి యుండెను. గలిలయ ప్రాంతమున అధికారము ఎవరిదను వివాదము ముదిరి కలహమునకు దారితీయుచుండగా పగటి ఆరవ గంట, అనగా నడిమధ్యాహ్నము, సమీపించెను. సభ అంతటితో చెదరిపోయెను. సబ్బాతు నాడు ఆ వేళకు భోజనము చేయుట తమ ఆచారమనియు, ఆ వేళయే రాకున్నచో కొట్లాట తప్పకుండెడిదనియు, ఆ వివాదమునకు కేంద్రమైన జోసీఫసు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. రాజకీయోద్రేకమును సైతము లేపి భోజనమునకు పంపగల శక్తి ఆ ఆచారమునకు ఉండెనన్నమాట.

యుద్ధచరిత్ర వ్రాయువారు ఈ చిన్న సంగతిని సాధారణముగ దాటిపోవుదురు. కాని ఆ భోజనము ముగిసిన పిదప తిబెరియ పౌరులు ఏమి చేసి యుందురు? ఆరవ గంట మొదలు ఆకసమున మూడు నక్షత్రములు పొడచూపు వరకు గల ఆ సుదీర్ఘమైన అపరాహ్ణము ఎట్లు గడచెడిది? ఈ ప్రశ్న చిన్నదిగ తోచును గాని, రెండువేల యేండ్ల పాటు స్వంత రాజ్యము లేక దేశదేశముల చెల్లాచెదరై బ్రదికిన ఒక జాతి తన విద్యను ఎచ్చట దాచుకొన్నదని విచారించినచో, సమాధానములో మంచిపాలు ఆ కొద్ది గంటలలోనే దొరకును.

సబ్బాతు అను హీబ్రూ శబ్దమునకు విరమించుట యని అర్థము. తెలుగు బైబిలు చదువరులకు ఇది విశ్రాంతిదినముగ పరిచితము. శుక్రవారము సూర్యాస్తమయముతో మొదలై శనివారము నక్షత్రదర్శనముతో ముగియును. ఆ దినమున చేయరాని పనులను 39 తరగతులుగ క్రీ. శ. 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా అను ధర్మసంగ్రహము లెక్కించినది. దున్నుట, విత్తుట, కోయుట, పిండి విసరుట, నేయుట, ముడి వేయుట, నిప్పు రాజేయుట, ఆర్పుట, వ్రాయుట, వ్రాసినదానిని చెరుపుట, ఇంటినుండి వీథికి వస్తువును మోసికొనిపోవుట మున్నగునవి ఇందు చేరినవి. ఊరి పొలిమేర దాటి రెండువేల మూరలకు మించి నడువరాదు. ఒలీవల కొండ యెరూషలేమునకు విశ్రాంతిదినమున నడవదగినంత సమీపమున ఉన్నదని అపొస్తలుల కార్యములలో చెప్పుటకు ఆధారము ఈ కొలతయే. వ్యాపారపు మాటలు ఆడరాదు. మాటతీరే మిగిలిన దినములకంటె వేరుగ నుండవలెను. పరుగెత్తరాదు, అయితే పరుగే ఆనందముగ గల పడుచువాండ్రకు అభ్యంతరము లేదని తరువాతి ధర్మవేత్తలు దయతలచిరి.

ఇన్ని కంచెలు కట్టిన పిదప లోపల మిగిలినది వట్టి ఖాళీ. ఆ ఖాళీని నింపవలసిన దానికి యెషయా ప్రవక్త గ్రంథము ఒక పేరు పెట్టినది. సబ్బాతును ఆనందమని పిలువుమని అందు చెప్పబడినది. ఆనందమునకు అచ్చటి హీబ్రూ పదము ఓనెగ్. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను; చాల దూరము పోయిన పిదప, మిక్కిలి వేరైన చోట ఇది మరల ఎదురగును.

ఆనందము మొదట భోజనముతోనే ఆరంభమయ్యెను. నిప్పు రాజేయరాదు గనుక, శుక్రవారము సాయంకాలమే వంటకమును వేడిగ కప్పి పెట్టి మరునాటి మధ్యాహ్నము వరకు చల్లారకుండ కాపాడవలెను. ఏయే పదార్థములతో కప్పవచ్చునో, ఏవి కూడవో చెప్పుటకు మిష్నాలో ఒక అధ్యాయమే కేటాయింపబడినది. ఈ వేడివంటకము పలుదేశములలో పలుపేర్లతో వర్ధిల్లినది. స్పెయినులో అదఫీనా, తూర్పు ఐరోపాలో చోలెంట్. ఇది కేవలము రుచికి సంబంధించిన విషయము కాదు. ఎనిమిదవ శతాబ్దము తరువాత తలయెత్తిన కరాయీతులను శాఖవారు మౌఖిక సంప్రదాయమును నిరాకరించి, సబ్బాతు నాడు ఇంట నిప్పు ఉండనే కూడదని చీకటిలో కూర్చుండి చల్లని యన్నము తినిరి. అందుచేత వేడియన్నము తినుటయే సంప్రదాయనిష్ఠకు గుర్తు అయ్యెను. తిననివానిని సంశయింపవలెనని పన్నెండవ శతాబ్దపు పండితుడు జెరాహ్యా హలేవీ వ్రాసెను. స్పెయినులో బలవంతపు మతాంతరము పొందిన యూదులను పట్టుకొనుటకు మతవిచారణాధికారులు ఈ కుండనే సాక్ష్యముగ స్వీకరించిరి. శనివారము పూట ఎవరి యింట రాత్రి వండిన శనగలు, మాంసము వేడిగ వడ్డింపబడునో ఆ యింటి పనికత్తెను పిలిచి అడుగుట వారి విచారణ పద్ధతులలో ఒకటి.

భోజనములు మూడు ఉండవలెనని తాల్ముదు శాసించినది. అరణ్యమున మన్నా కురిసిన ఘట్టమున నిర్గమకాండములోని ఒక వచనములో నేడు అను మాట మూడుసార్లు వచ్చుటయే దీనికి ఆధారమట. ఆధారము ఎంత సన్ననిదైనను ఫలితము గొప్పది. ఆ కాలపు సామాన్యులు దినమునకు రెండు పూటలే తినెడివారు. మూడవ పూట సంపన్నుల భోగము. సబ్బాతు నాడు మాత్రము కూలివాడును మూడు పూటలు తినవలెను. ఊరికి వచ్చిన పేదవాడు శనివారము అక్కడ నిలిచినచో మూడు భోజనములకు చాలినంత ఇయ్యవలెనని మిష్నాయే ఆజ్ఞాపించినది. ఈ మూడవ భోజనము అపరాహ్ణము చివర వచ్చునది. దాని కథ తరువాత.

మొదటి సమస్య ఏమనగా, ఈ తీరిక శరీరముదా, గ్రంథముదా? యెరూషలేము తాల్ముదులో ఈ వివాదము సూటిగ కనబడును. సబ్బాతులు తినుటకును త్రాగుటకును ఈయబడినవని ఒక పక్షము. తోరా, అనగా ధర్మశాస్త్రము, చదువుటకే ఈయబడినవని మరియొక పక్షము. చెరిసగము చేయుమని రాజీ. ఈ రాజీని పెసిక్తా రబ్బాతి అను తరువాతి వ్యాఖ్యానసంగ్రహము మరికొంత లోతుగ పరిశీలించినది. వారమంతయు చదువుకొను పండితునకు సబ్బాతు నాడు సుఖముగ తినుటయే తగును. వారమంతయు శ్రమించు పనివానికి ఆనాడు చదువే తగునని దాని అభిప్రాయము. ఈ మాట పైకి సామాన్యముగ నున్నను, విశ్రాంతి యనగా ఎవనికి ఏది కరవో అది దొరకుట యని దీని తాత్పర్యము. పండితులకు చదువు, పామరులకు నిద్ర అను లోకసాధారణమైన పంపకమును ఇది తలక్రిందులు చేసినది.

నిద్రకు మాత్రము స్థానము లేకపోలేదు. సబ్బాతు పదములోని మూడు హల్లులను విడదీసి, సబ్బాతు నాటి నిద్ర ఆనందమను అర్థము వచ్చు మూడు మాటలకు ఆద్యక్షరములుగ చూపిన చమత్కారము యూదులలో ప్రసిద్ధము. భోజనానంతరము ఒక కునుకు అందరికిని సమ్మతమే. అయితే 1200 ప్రాంతపు జర్మనీలో వెలసిన భక్తుల గ్రంథము ఒక సూక్ష్మమును చెప్పినది: రాత్రికి పని చేయుటకు సత్తువ రావలెను గనుక ఇప్పుడు పండుకొందును అని పలుకరాదు. అట్లు పలికినచో ఆ నిద్రయు పనిలో భాగమే యగును. తీరికను పనికి సిద్ధపడుటగ మార్చివేయు నేటి నాగరకత ఈ నిషేధమును గమనింపదగును.

గ్రంథపక్షము ప్రాచీనమైనది. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున గ్రీకు భాషలో వ్రాసిన యూదు తత్త్వవేత్త ఫైలో, తన జనులు సబ్బాతు నాడు ఒకచోట కూడి వరుసలుగ కూర్చుందురనియు, అర్చకుడో పెద్దలలో ఒకడో ధర్మశాస్త్రమును చదివి ఒక్కొక్కటిగ వివరించుననియు, ఇది సాయంకాలము కావచ్చు వరకు సాగుననియు వర్ణించెను. యూదులు ఏడింట ఒక దినమును సోమరితనమునకు బలియిత్తురని రోము రచయితలు వెక్కిరించుచుండిన కాలమది. ఫైలో వర్ణనలో ఆ వెక్కిరింతకు సమాధానము చెప్పవలెనను పట్టుదల కొంత కనబడును. అందుచేత పూర్వపక్షమును దృష్టిలో నుంచుకొనియే దానిని చదువవలెను. అయినను సభ, పఠనము, వివరణము అను మూడును ఆనాటికే స్థిరపడినవనుటకు సందేహము లేదు.

శనివారము అపరాహ్ణ ప్రార్థనలో తోరాలోని తరువాతి వారపు భాగమును కొంత చదువుదురు. ముగ్గురిని పిలిచి చదివింతురు. ఈ పఠనమును ఏర్పరచినవాడు ఎజ్రా యని తాల్ముదు చెప్పును. కారణము మరింత విలువైనది: వీథిమూలల కూర్చుండు వర్తకులు సోమ గురువారములలో అంగడి విడిచి పఠనము వినుటకు రాలేరు గనుక వారికొరకు శనివారము అపరాహ్ణమున చదువవలెను. ఈ యేర్పాటు ఎజ్రాది యగునా కాదా యనునది వేరు చర్చ. దీనిని ఎవరు చేసినను, అంగడివానిని దృష్టియందుంచుకొని చేసిరని తాల్ముదు తెలుపుచున్నది. బాబిలోనియాలోని నెహర్దెయా పట్టణమున అదే వేళకు కీర్తనలు, సామెతలు మున్నగు గ్రంథములనుండి ఒక భాగము చదువుట కూడ వాడుకయై యుండెను.

బాబిలోనియా విద్యాపీఠముల అధిపతులగు గెయోనుల కాలమునకు, అనగా తొమ్మిదవ శతాబ్దము నాటికి, ఈ అపరాహ్ణమునకు ఒక పాఠ్యగ్రంథము కుదిరెను. పిర్కే ఆవోత్, పితరుల సూక్తులని దాని పేరు. మిష్నాలో విధినిషేధములు లేని చిన్న గ్రంథము ఇది యొక్కటే. మోషే నుండి యెహోషువకు, అతని నుండి పెద్దలకు, వారి నుండి ప్రవక్తలకు విద్య ఎట్లు సంక్రమించెనో చెప్పి, ఆ పిదప ఒక్కొక్క గురువు చెప్పిన రెండు మూడు హితవులను క్రమముగ పేర్కొనును. గురుపరంపరతో గ్రంథమారంభించు పద్ధతి భారతీయులకు క్రొత్త కాదు. మూలమున అధ్యాయములు అయిదే. పస్కా పండుగకును వారోత్సవముల పండుగకును నడుమ సబ్బాతులు ఆరు వచ్చును. అందుచేత తోరా విద్యను ప్రశంసించు ఆరవ అధ్యాయము బయటినుండి తెచ్చి చేర్చబడెను. పంచాంగము కొరకు పుస్తకము పెరిగిన అరుదైన సందర్భమిది. పెక్కుచోట్ల ఈ పఠనము వేసవియంతయు, సంవత్సరాది వరకు సాగును. శీతకాలమున పగలు కురుచ; అప్పుడు నూట నాలుగవ కీర్తనయు, యాత్రాకీర్తనలు పదునైదును చదువుదురు.

చదువవలసిన పుస్తకములు ఇట్లుండగా, చదువరాని పుస్తకములును ఉండెను. సఫేదులో నివసించిన జోసెఫ్ కారో రచించి 1565లో వెనిసు నగరమున ముద్రితమైన షుల్హాన్ ఆరూఖ్ అను ధర్మసంహితయందు, సబ్బాతు నాడు యుద్ధకథలును శృంగారకావ్యములును చదువరాదని నిషేధించుచు, ఇమ్మానుయేలు పుస్తకమని ఒకదానిని పేరుపెట్టి చెప్పెను. ఈ ఇమ్మానుయేలు రోము నగరవాసి, దాంతే మహాకవికి సమకాలికుడు, హీబ్రూ భాషలో సానెట్లు వ్రాసిన మొదటి కవి. అతని కావ్యము 1491లో బ్రెషియాలో అచ్చయ్యెను. ఎవరును చదువని పుస్తకమును ధర్మసంహిత పేరుపెట్టి నిషేధింపదు. శనివారము మధ్యాహ్నము వెనుకగదిలో ఆ పుస్తకమును తెరచిన పడుచువారు పలువురు ఉండియే యుందురు. క్రాకో నగరపు మోషే ఇస్సెర్లెస్ ఈ సంహితకు టిప్పణి వ్రాయుచు, నిషేధము దేశభాషలోని లౌకిక కథలకేగాని హీబ్రూలో నున్నవానికి వర్తింపదని సడలించెను. విషయము కంటె భాషయే పవిత్రమను ఈ తీర్పు సాహిత్యచరిత్రకారునకు ఆలోచనీయము.

స్త్రీల సంగతి ఇంతవరకు రాలేదు. మందిరములో తోరా పఠనమునకు వారిని పిలువరు. హీబ్రూ వారిలో చాలమందికి నేర్పలేదు. వారికి దేశభాషయే దిక్కు. పోలండులోని యానోవ్ వాస్తవ్యుడు యాకోబు బెన్ ఇస్సాకు అష్కెనాజీ యిద్దిష్ భాషలో కూర్చిన త్సెనె-రెనె ఈ లోటును తీర్చినది. వారవారపు తోరా భాగమునకు పురాణగాథలు, నీతులు, వ్యాఖ్యానములు కలిపి ఇంటిభాషలో చెప్పిన గ్రంథమది. నేడు లభించు ముద్రణలలో ప్రాచీనమైనది 1622 నాటిది. అంతకుముందు ముద్రణలు చదివి చదివి చిరిగిపోయినవి కాబోలు. అటుపిమ్మట రెండువందలకు పైగా ముద్రణములు పొందెను. భోజనమై, పురుషులు నిద్రించు వేళ, చదువ నేర్చిన యొకతె బిగ్గరగ చదువుచుండగా ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టును చేరి వినెడివారు. ఆంధ్రదేశపు గృహములలో మధ్యాహ్నవేళల జరిగిన పురాణశ్రవణమునకు ఇది మిక్కిలి సన్నిహితమైన చిత్రము. ఇమ్మానుయేలు సానెట్లకంటె ఈ యింటిపుస్తకమే యూదు సాహిత్యమునకు ఎక్కువమంది పాఠకులను తయారు చేసినదనుట అతిశయోక్తి కాదు. పంతొమ్మిదవ శతాబ్దమున యిద్దిష్ నవల పుట్టినప్పుడు దానికి చదువరులు సిద్ధముగనే యుండిరి.

పోలండు, లిథువేనియా, ఉక్రెయినుల చిన్నపట్టణములలో ఈ అపరాహ్ణము తన పూర్ణరూపమును పొందినది. శుక్రవారము రొట్టెలవాని పొయ్యిలో ఊరివారందరు దాచిన కుండలు శనివారము మధ్యాహ్నము ఇండ్లకు చేరును. భోజనము, కునుకు. ఆపై తండ్రి కొడుకును పిలిచి ఆ వారము బడిలో నేర్చినది అప్పగింపుమనును. ఒక్కొక్కప్పుడు పండితుడైన బంధువు పరీక్షకుడుగ వచ్చును. పిల్లవాడు తడబడినచో సబ్బాతు ఆనందము ఇంటిల్లిపాదికిని ఆవిరి యగుననుట వేరుగ చెప్పనక్కరలేదు. కొంత చల్లబడిన పిదప పురుషులు పాఠశాలకు పోవుదురు. దర్జీలు, చెప్పులు కుట్టువారు, బండివాండ్రు తమతమ సంఘములుగ ఏర్పడి, ఒక్కొక్క సంఘము ఒక్కొక్క బల్లచుట్టును కూర్చుండి తమ శక్తికి తగిన గ్రంథము చదివెడివారు. ఏమియు రానివారు కీర్తనలు వల్లించెడివారు. బెర్దీచెవ్ నగరపు కట్టెలు కొట్టువారి మిష్నా పఠనసంఘమని ముద్ర గల యొక గ్రంథము న్యూయార్కులోని యీవో పరిశోధనాసంస్థలో నేటికిని ఉన్నది. పెసిక్తా చెప్పిన మాట ఆ ముద్రలో కన్నులకు కట్టును.

అప్పుడప్పుడు ఊరికి మగ్గీద్ అను సంచారోపన్యాసకుడు వచ్చును. అతని ఉపన్యాసమునకు వేళ శనివారము సాయంకాలమే. వీరిలో అగ్రగణ్యుడు దూబ్నో మగ్గీద్‌గ ప్రసిద్ధుడైన యాకోబు క్రాంజ్ (1741–1804). ప్రతి విషయమునకు సరియైన ఉపమానము ఎట్లు దొరకుచున్నదని అడిగినవారికి అతడు చెప్పినదని ఒక కథ వాడుకలో నున్నది. ఒక విలుకాడు గోడపై నున్న ప్రతి గురిలోను నట్టనడుమ బాణము దిగి యుండుట చూచి ఆశ్చర్యపడెనట. ఆ గురిగాడెవడని విచారింపగా, మొదట బాణము వేసి తరువాత దానిచుట్టు గీత గీయు కుర్రవాడు కనబడెను. నేనును ముందు కథను వెదకుకొని, పిదప విషయమును దానిచుట్టు గీయుదునని మగ్గీద్ ఒప్పుకొనెనట. ఇట్టి మాటలు వినుటకు ఊరు ఊరంతయు ప్రార్థనామందిరమున నిలువబడియుండెడిది.

పగలు వాలిపోవుచుండగా మూడవ భోజనము వచ్చును. అప్పుడు ఎవరికిని ఆకలి యుండదు. రొట్టెముక్క, ఉప్పుచేప ఇంతమాత్రమే. సబ్బాతు ముగియువరకు దీపము వెలిగింపరాదు గనుక బల్లచుట్టు కూర్చున్నవారి ముఖములు క్రమక్రమముగ చీకటిలో కలసిపోవును. మోషే మరణించినది సబ్బాతు నాటి ఈ వేళనేయని ఒక సంప్రదాయము కలదు. నరకమున నున్న పాపులకును సబ్బాతు విరామము ఉండుననియు, ఇచ్చట సబ్బాతు ముగియగనే వారు మరల బాధలకు పోవలెననియు మరియొక విశ్వాసము. కావున ప్రార్థనను కొంత జాగు చేసి వారికి ఇంకొంచెము తెరిపి కల్పింతురు. పదునెనిమిదవ శతాబ్దమున పుట్టిన హసీదు భక్తిమార్గమువారు ఈ వేళను దినమంతటిలో ముఖ్యమైనదిగ చేసికొనిరి. గురువుతోకూడి చీకటిలో మందగతి రాగములు పాడుదురు. సఫేదు కవులు పదునారవ శతాబ్దమున రచించిన గీతములు ఇందు ప్రధానములు. ఆ పాటల నడుమ గురువు మెల్లగ బోధింపనారంభించును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. సబ్బాతు నాడు వ్రాయరాదు. గురువు మాటలను ఎవరును అప్పటికప్పుడు వ్రాసికొన వీలులేదు. అందుచేత జ్ఞాపకశక్తి గల శిష్యులు ప్రతివాక్యమును మనసున నిలుపుకొని, నక్షత్రములు కనబడి, ద్రాక్షారసము, సుగంధద్రవ్యములు, జడగ అల్లిన క్రొవ్వొత్తితో సబ్బాతుకు వీడ్కోలు చెప్పిన తరువాత కాగితముపై పెట్టెడివారు. హసీదుల వాఙ్మయములో పెక్కు గ్రంథములు ఈ విధముగ పుట్టినవే. బోధించినది యిద్దిష్‌లో, వ్రాసినది హీబ్రూలో. చీకటిలో విన్నదానికి అనువాదము, జ్ఞాపకమునకు లిఖితరూపము అను రెండు జల్లెడలు దాటి మిగిలినదే గ్రంథము.

ఐరోపా వెలుపల ఈ అపరాహ్ణమునకు వేరువేరు రూపములు కలవు. యెమెను యూదులు వేయించిన గింజలు, పండ్లు, ఎండుద్రాక్షలు ముందు పెట్టుకొని కూడుదురు. దీనిని జాలే యందురు. ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క ఆశీర్వచనము పలుకుచు దినమునకు నూరు ఆశీర్వచనముల లెక్క పూర్తి చేయుదురు. పదునేడవ శతాబ్దపు మహాకవి షాలోం షబాజీ గీతములు వారి నోట వినబడును. భారతదేశమున కొంకణతీరపు బెనె ఇజ్రాయేలు యూదుల చరిత్ర దీనికి నేరుగ ఎదురుగనున్నది. వారికి చిరకాలము హీబ్రూ గ్రంథములు లేవు, రబ్బీలు లేరు, బొంబాయిలో 1796లో మొదటి మందిరము వెలసినంత వరకు సమాజమందిరమును లేదు. గానుగ వృత్తితో బ్రదికిన వారు శనివారము మాత్రము గానుగ త్రిప్పరైరి. ఇరుగుపొరుగు మరాఠీలు వారిని శనివారపు తేలీలు, అనగా శనివారము సెలవు పుచ్చుకొను గాండ్లవారు, అని పిలిచిరి. గ్రంథము పోయినను ఖాళీ నిలిచెను. ఆ ఖాళీయే వారిని యూదులుగ గుర్తించుటకు ఆధారమయ్యెను. ఆంధ్రదేశముననే గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయీము అను చిన్న సమాజము 1980ల చివర నుండి యూదాచారములను అవలంబించి శనివారమును సబ్బాతుగ పాటించుచున్నది.

ఇరువదవ శతాబ్దమునకు మతనిష్ఠ సడలినది. 1924లో తెల్ అవీవ్ నగరమున స్థిరపడిన హీబ్రూ మహాకవి హయీం నహ్మాన్ బియాలిక్ బాల్యమున సంప్రదాయ విద్య నేర్చి, యౌవనమున దానికి దూరమైనవాడు. క్రొత్త నగరమున శనివారము వట్టి సెలవుగ మారుట ఆయనకు కష్టముగ తోచెను. ఆచారమును తిరిగి శాసించు అధికారము కవికి లేదు; వేళను నిలుపవచ్చును. ఆ దశాబ్దపు ఉత్తరార్ధమున ఆయన శనివారము అపరాహ్ణ సభలను ఏర్పరచి, యెషయా మాటను తీసికొని ఓనెగ్ షబ్బాత్ అని పేరు పెట్టెను. పండితులు ఉపన్యసింతురు, సభ అంతయు పాడును, చీకటి పడగనే వీడ్కోలు కర్మతో ముగింతురు. జనము పెరిగి ఇండ్లు చాలకపోగా 1929లో ఓహెల్ షేమ్ అను భవనము దానికొరకు వెలసెను. 1934లో బియాలిక్ మరణించిన తరువాతను ఆ పేరు యూదులున్న దేశములందెల్ల వ్యాపించెను.

ఆ పేరే వార్సా నగరమునకును చేరెను. 1940 నవంబరులో జర్మను నాజీలు అచ్చటి యూదులను గోడలలో బంధించిరి. ఆ నెలలోనే చరిత్రకారుడు ఇమ్మానుయేల్ రింగెల్‌బ్లూమ్ కొందరు మిత్రులను కూడగట్టి, గోడలలోపల జరుగుచున్న దానినంతను వ్రాసి దాచుటకు ఒక రహస్యసంఘము స్థాపించెను. వారు కలియునది శనివారము అపరాహ్ణమున. అందుచేత సంఘమునకు గుప్తనామము ఓయ్‌నెగ్ షబ్బెస్. రింగెల్‌బ్లూమ్ మతనిష్ఠుడు కాడు. ఉపాధ్యాయులు, రచయితలు, ఆర్థికవేత్తలు, రబ్బీ షిమోన్ హ్యూబర్‌బాండ్ వంటి ధర్మజ్ఞులు ఇందు పాల్గొనిరి. ఉచిత భోజనశాల నడిపిన రచయిత్రి రాఖెల్ ఔయెర్‌బాఖ్ ఆకలిచావులను గూర్చి వ్రాసెను. రొట్టె ధరలు, బడిపిల్లల వ్యాసములు, రహస్యపత్రికలు, ట్రాము టిక్కెట్లు, మిఠాయి కాగితములు, కవితలు, పారిపోయివచ్చినవారు చెప్పిన హత్యాశిబిరముల వార్తలు అన్నియు చేర్చిరి. వ్రాత నిషిద్ధమైన దినపు పేరు ఈ వ్రాతల భాండాగారమునకు పెట్టబడుటలోని వింత వారికి తెలియకపోలేదు.

అదే నగరమున పియాసెచ్నో హసీదుల గురువు రబ్బీ కలోనిముస్ షపీరా నివసించుచుండెను. 1939 సెప్టెంబరు బాంబుల దాడిలో ఒక్కగానొక్క కుమారుని పోగొట్టుకొనినవాడు. 1942 వేసవి వరకు సబ్బాతులందును పండుగలందును తన చుట్టు చేరినవారికి యిద్దిష్‌లో బోధించి, సబ్బాతు ముగిసిన పిదప తానే హీబ్రూలో వ్రాసికొనుచుండెను. ఈ కష్టములు పూర్వము కూడ వచ్చినవేయని మొదట ఓదార్చినవాడు, 1942 చివర తన పాత బోధకు ఒక టిప్పణి చేర్చి, ఇట్టిది ఇంతకుముందు ఎన్నడును జరుగలేదని సవరించుకొనెను. ఆ వ్రాతప్రతిని రింగెల్‌బ్లూమ్ భాండాగారమునకు అప్పగించెను. 1943 నవంబరులో నాజీలు ఆయనను చంపిరి. 1944 మార్చిలో రింగెల్‌బ్లూమును.

భాండాగారపు మొదటిభాగము 1942 ఆగస్టులో పది రేకుపెట్టెలలోను, రెండవభాగము 1943 ఫిబ్రవరిలో రెండు పాలబిందెలలోను పెట్టి, నొవొలిప్కి వీథిలోని పాఠశాల నేలమాళిగలో పాతిపెట్టిరి. సంఘసభ్యులు దాదాపు అరువదిమందిలో యుద్ధానంతరము మిగిలినవారు ముగ్గురే. ఔయెర్‌బాఖ్ వారిలో ఒకతె. త్రవ్వవలెనని పట్టుబట్టినది ఆమెయే. 1946 సెప్టెంబరులో శిథిలముల క్రింద రేకుపెట్టెలు దొరకెను. నీరు చొరబడి చాల కాగితములు పాడయ్యెను. 1950 డిసెంబరులో పునర్నిర్మాణము చేయు కూలీలకు పాలబిందెలు దొరకెను. లోపలి కాగితములు పొడిగనే యుండెను. వానిలో షపీరా వ్రాతప్రతియు ఉండెను; అది 1960లో యెరూషలేములో ఏష్ కోదెష్ అను పేర అచ్చయ్యెను. మొత్తము భాండాగారము సుమారు 35,000 పుటలు. 1999లో యునెస్కో దీనిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చెను. మూడవభాగమును వేరొకచోట పాతిరని తెలియును గాని, అది ఇంతవరకు లభింపలేదు.